ఆటోనగరులో తాతగారి కారు

బెజవాడ వచ్చినవాళ్ళు కనకదుర్గ గుడికి వెళతారు. ప్రకాశం బ్యారేజి చూస్తారు. ఆటోనగరుకు మాత్రం, బండి చెడితే తప్ప ఎవరూ వెళ్ళరు. మొన్న వేసవి సెలవుల్లో నాకా యోగం పట్టింది.

గుడివాడలో మా ఇంటి సావడిలో తాతగారి ఫోర్డు కారు ఉంది. 1930 నాటి మోడల్ ఎ. మా అమ్మ కొత్తకోడలుగా ఆ కారులోనే మా గుమ్మంలో దిగిందట. "కాగితాలు లేని బండి మనకెందుకన్నయ్యా, తుక్కువాడికి ఇచ్చేద్దాం" అన్నాడు తమ్ముడు. "నేను పోయాక ఇచ్చుకోండిరా" అన్నది అమ్మ. ఇక తప్పేదేముంది?

యాభై ఏళ్ళు దాటిన సొంత బండ్లను పాతకాలపు బండ్లుగా నమోదు చేయటానికి కేంద్రప్రభుత్వం 2021లో నియమాలు చేసింది. కొత్త నమోదుకు 20,000, తిరిగి నమోదుకు 5,000 రూపాయలు. గడువు పదేళ్ళు. అయితే ముందు బండి నంబర్లు చూపాలి. నేటి కార్లకు 17 అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆనాడు ఏ కంపెనీ పద్ధతి దానిదే.

కారును లారీమీద ఎక్కించి, కంకిపాడు మీదుగా ఆటోనగరు చేరాము. ఎటు చూచినా లారీలే! ఒకచోట కమానుపట్టీలు సాగగొడుతున్నారు, మరొకచోట క్యాబిన్లకు రంగులు వేస్తున్నారు. సుత్తిదెబ్బల మధ్య మాట వినపడాలంటే కేకవేయవలసిందే.

మేస్త్రీగారు బానెట్టు ఎత్తి, ఇంజనుకు ఎడమప్రక్క, నీళ్ళగొట్టం కలిసేచోటికి పైన చదునుగా ఉన్న జాగాను కిరసనాయిలుతో తుడిచారు. అంకెలు తేలాయి. తీరా చూస్తే పాత రిజిస్ట్రేషను పుస్తకంలో చెదలు మిగిల్చిన చివరి నాలుగంకెలతో అవి కలవలేదు! తాతగారు ఎప్పుడో ఇంజను మార్పించారన్నమాట.

"గ్రైండరుతో అరగదీసి కావలసిన అంకెలు కొట్టేద్దాం సార్, పది నిమిషాల పని" అన్నాడు ప్రక్కనున్న కుర్రవాడు. నిజం చెప్పొద్దూ, నా మనస్సు ఒక్క క్షణం ఊగింది.

మేస్త్రీగారు వాణ్ణి కసిరారు. "మాస్టారూ, నంబరు చెరిపిన బండికీ దొంగబండికీ తేడా ఏముంటుంది? చాసీ ఉండగా మనకెందుకా పాపం?"

ఫోర్డువారు ఇంజను నంబరునే చాసీమీద కూడా కొట్టేవారట. కాని దానిమీద బాడీ కూర్చుని ఉండటంవల్ల పైకి కనపడదు. బోల్టులు వదులుచేసి, బాడీని కాస్త పైకెత్తి, తొంభై ఏళ్ళ జిడ్డును మెల్లగా కడిగారు. చాకుతో గీకనివ్వలేదు. సుద్దపొడి రుద్దగానే తెల్లని అంకెలు పైకి వచ్చాయి. నేను కాగితం పరచి పెన్సిలుతో రుద్దాను. చివరి నాలుగూ పుస్తకంలోవే!

శాసనాలకు అచ్చు తీసే పద్ధతి గురించి ఏటా క్లాసులో చెబుతూనే ఉంటాను. నా చేత్తో తీసిన మొదటి అచ్చు మాత్రం ఇదే.

ఇంజను మారిన సంగతి దాచకుండా అర్జీలో వ్రాశాను. చాసీకి, బాడీకి, ఇంజనుకు పెద్ద మార్పులు జరిగి ఉండకూడదని నియమం. అధికారుల సంఘం ఏమంటుందో చూడాలి. కాదన్నా, దొంగ అంకెతో గెలిచానన్న బెంగ నాకుండదు.

ఇంటికి వచ్చి అమ్మకు అన్నీ చెప్పాను. "నమోదు అయినా రోజూ తిప్పటానికి వీల్లేదమ్మా. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించటానికి మాత్రమే."

అమ్మ కాసేపు ఆలోచించి, "పెట్రోలు పోయించేటప్పుడు నేనూ ఎక్కవచ్చుగా?" అన్నది.