తెర మీద లేని పసుపు

ఫోన్‌లో పసుపు బంతిపువ్వు ఫొటో తెరిచి, మంచి భూతద్దంతో దగ్గరగా చూడండి. రేకుల మీద వెలిగేవి ఎరుపు, ఆకుపచ్చ చుక్కలే. నీలం చుక్కలు దాదాపు ఆరిపోయి ఉంటాయి. పసుపు కాంతి అనేదే అక్కడ లేదు!

అదే స్టవ్ మంట మీద చిటికెడు ఉప్పు పడితే వచ్చే పసుపు, 589 నానోమీటర్ల దగ్గర పుట్టిన అసలైన పసుపు కాంతి. కంటికి మాత్రం రెండూ పసుపే. రంగు చూసే కోన్ కణాలు మనకు మూడే రకాలు. ఏ రకం ఎంత స్పందించిందన్నదే మెదడుకు చేరుతుంది, ఏయే కాంతులు కలిసి వచ్చాయన్నది చేరదు. చెవి అలా కాదు, సన్నాయినీ డోలునూ ఒకేసారి విన్నా విడదీసి చెబుతుంది.

ఆ కణాలను ఎవరూ గుర్తించని రోజుల్లో, 1802లోనే థామస్ యంగ్ ఈ మూడు రకాల సంగతి ఊహించాడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది నాకు.

రాణీ రంగైతే ఇంద్రధనుస్సులో ఎక్కడా ఉండదు. ఎరుపు, నీలం కాంతులు కలిసి కంట్లో పడితే మెదడు తయారుచేసుకునేదే అది.

షాపు లైట్ల కింద చీరకు సరిగ్గా కుదిరిన జాకెట్టు ముక్క ఎండలో తేడాగా కనిపించడానికీ ఈ కలయికలే కారణం. కొనేముందు ఒక్కసారి గుమ్మం దాకా తెచ్చి చూసుకోండి.