కొత్త ల్యాప్‌టాప్ కొనే ముందు

మన పెద్దవాళ్ల పెళ్లిపాటలు మిక్సింగ్ చేస్తుంటే సంఘం ల్యాప్‌టాప్ ఆగి ఆగి నడుస్తోంది. కొత్తది కొందామంటున్నారు. సంఘం డబ్బంటే మన చందాలే కదా, ముందు ఇవి చేసి చూద్దాం.

12 గొంతులకు 12 రివర్బ్‌లు అక్కర్లేదు. ఒకే రివర్బ్ విడి ట్రాక్‌లో పెట్టి, అన్ని గొంతులనూ అక్కడికి పంపితే చాలు. పని అయిపోయిన ట్రాక్‌ని ఫ్రీజ్ చేస్తే ప్రాసెసర్‌కి దాని ప్లగిన్ల భారం తగ్గుతుంది.

రికార్డింగ్‌కి బఫర్ 128 శాంపిళ్లు, మిక్సింగ్‌కి 1024 పెట్టండి. 48 కిలోహెర్ట్జ్‌లో 1024 అంటే కనీసం 21 మిల్లీసెకన్ల ఆలస్యం. హెడ్‌ఫోన్‌లో తన గొంతు వింటూ పాడేవారికి అది ఇబ్బంది, మిక్సింగ్‌కి కాదు.

బెంగళూరులో ఈ పాటలు నోటికొచ్చిన పెద్దావిడలు ఎనభై దాటారు. ల్యాప్‌టాప్ వచ్చేదాకా రికార్డింగ్ ఆపొద్దు.