వణికిందెవరు?

మా ఇంట్లో ఒక ముసలి జీపుంది. నూజివీడు దగ్గర మామిడితోటకి తిరగడానికని మా మామగారు 1986లో కొన్నది. ఆయన పోయారు గానీ జీపు పోలేదు. ఎంత బురదలో దిగబడ్డా, నాలుగు చక్రాలూ కలిసి లాగే గేరు వేస్తే చాలు, గేదెలా ఒళ్ళు విదిలించుకుని గట్టెక్కేస్తుంది. నేను కొత్త చీర కట్టుకున్నా చూడని మా వారు, జీపుమీద గీత పడితే ఆమడ దూరంనుంచే పసిగడతారు.

అలాంటి మనిషి మొన్న వేసవిలో ఉన్నట్టుండి, "ఏమోయ్, జీపు అమ్మేద్దాం" అన్నారు.

"అదేమిటండీ?" అన్నాను తెల్లబోయి.

"వయసైపోయింది" అన్నారు. ఎవరికో చెప్పలేదు.

ఆ ఆదివారం కాయలబుట్టలు వేసుకుని తోటనుంచి ఏలూరు బయల్దేరాం. హనుమాన్ జంక్షన్ దగ్గర హైవే ఎక్కేదాకా బాగానే ఉంది. ముల్లు అరవై దాటిందో లేదో, బండికి చలిజ్వరం వచ్చినట్టు వణుకు మొదలైంది. నలభైకి దించితే మాయం! మా వారు పెదవి విప్పకుండా, ఇల్లు చేరేదాకా నలభైలోనే పోనిచ్చారు. రాత్రి లైటు తీసేశాక చీకట్లో మెల్లిగా అన్నారు: "వణికేవి నా చేతులేమోనని అనుమానంగా ఉందోయ్."

చివరిరోజుల్లో మా మామగారికి చేతులు వణికేవి. కాఫీగ్లాసు నేనే పట్టుకుని తాగించేదాన్ని. ఆ భయం ఈయన మనసులో ఎన్నాళ్ళనుంచి నానుతోందో! నవ్వి తీసిపారేద్దామనుకున్నాను. నవ్వు రాలేదు.

మర్నాడు నేనే పట్టుబట్టి మెకానిక్ సాయిబుగారి షెడ్డుకి బయల్దేరదీశాను. ఆయన బానెట్ ముట్టుకోలేదు. డాక్టరులా ప్రశ్నలు మొదలుపెట్టారు. "ఎంత స్పీడులో వస్తోంది? స్టీరింగ్ ఒక్కటే ఊగుతోందా, సీటు కూడానా?"

"స్టీరింగే" అన్నారు మా వారు.

"కాదండీ! సీటూ ఊగింది. నా కాళ్ళకింద రేకు ఝుమ్మంది. ఫ్లాస్కు మూత టకటకా కొట్టుకుంది" అన్నాను నేను.

సాయిబుగారి కళ్ళు మెరిశాయి. "చేతుల్లోనే అయితే ముందుచక్రాలమ్మగారూ. సీట్లోకి వచ్చిందంటే వెనకచక్రాలో, కిందనున్న షాఫ్టో."

ముందు చక్రాలు విప్పించారు. రిమ్ముల లోపల ఎర్రమట్టి ఎండి రాయైపోయి ఉంది. ఒకవైపే అంత బరువుంటే చక్రం వేగంగా తిరిగేటప్పుడు ఎగిరెగిరి పడుతుందట. గీకి కడిగి, బ్యాలెన్సు చేయించి, ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చారు. వణుకు కాస్త తగ్గింది గానీ పోలేదు. అరవైలో ఉండగా క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయమన్నారు. ఇంజను నెమ్మదించింది, వణుకు నెమ్మదించలేదు. "అయితే ఇంజను తప్పు కాదు. చక్రాలతోపాటు తిరిగేదేదో" అంటూ సాయిబుగారు జీపు కిందికి దూరారు.

దొంగ దొరికింది. ఇంజను బలాన్ని వెనక ఇరుసుకి చేరవేసే పొడుగాటి ప్రొపెల్లర్ షాఫ్టు! చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు అది నాలుగైదు చుట్లు తిరుగుతుంది. దాని రెండు కొసలా కీళ్ళలాంటి క్రాసులుంటాయి. వంపుగా తిరిగేటప్పుడు, మొదటి కీలువల్ల షాఫ్టు చుట్టుకి రెండుసార్లు తొందరపడి రెండుసార్లు నిదానిస్తుంది. రెండో కీలు ఆ తేడాని సర్దేస్తుంది. అచ్చం సంసారంలోలాగే. కాకపోతే రెండూ ఒకే వరసలో ఉండాలి. అంతకు రెండునెలల ముందు ఇంకో షెడ్డులో గ్రీజు పెట్టడానికి షాఫ్టు విడదీసి, మళ్ళీ బిగించేటప్పుడు పళ్ళు తప్పించి కూర్చారు. ఎదురెదురుగా ఉండాల్సిన బాణంగుర్తులు ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. సాయిబుగారు వాటిని కలిపి బిగించారు.

సాయంత్రం హైవేమీద ముల్లు అరవై అయిదు చూపించింది. ఫ్లాస్కు మూత కిక్కురుమనలేదు. మా వారు స్టీరింగ్‌మీంచి ఒక చెయ్యి తీసి, కాసేపు దానివంక చూసుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

కూర్చున్న సీటు అంతలా ఊగుతుంటే ఆయనకెందుకు తెలియలేదా అని నేను చాలా ఆలోచించాను. భయం చేతుల్లో ఉంటే, కిందనున్న భూమి కంపించినా మనకి చేతులే వణుకుతున్నట్టుంటుంది కాబోలు.

జీపు అమ్మే మాట మళ్ళీ రాలేదు. నేను మాత్రం పొద్దున్నే కాఫీ ఇస్తూ ఓరగా ఆయన చేతివంక చూస్తున్నాను. నేను చూస్తున్నానని తెలిసి, ఆయన గ్లాసుని ఇంకాస్త నిబ్బరంగా పట్టుకుంటున్నారు.