ఏరు పారితేనే ఎరుపు

స్వర్ణముఖి చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, తిరుపతి మురుగు కలుపుకొని మా శ్రీకాళహస్తికి వస్తుంది. ఆ పైదారి నేను చూసింది బస్సు కిటికీలోంచే. గుడి పక్కన ఏరు ఉత్తరానికి తిరిగే మలుపు మాత్రం బాగా ఎరుగుదును. చిన్నప్పుడు మా మామతో కలంకారీ గుడ్డలు జాడించడానికి దిగింది అక్కడే.

గాడాగుడ్డను కరక్కాయపిండి, గేదెపాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరేస్తే ఆ వాసన వీధంతా కొట్టేది. చింతబొగ్గుతో గీత, దానిమీద వెదురు కలంతో కసిమి. తుప్పు ఇనుము, బెల్లం రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్ళవి. కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడతాయి. పటిక పూసినచోట మంజిష్ఠ ఉడుకులో ఎరుపెక్కుతుంది. ఆ తర్వాత పారేనీళ్ళే కావాలి. నిలవనీళ్ళలో ముంచితే వదిలిన రంగు పక్కకు అంటుకొని, గీసిన దేవుడి మొహం మరకలవుతుంది. "గట్టిగా పట్టుకో, పారనీ, పిండబాకురా" అనేవాడు మామ.

ఇప్పుడు ఏట్లో ఇసుక తోడిన గుంతలు. మంచి వానలు పడితే తప్ప పారకం లేదు. బోరునీళ్ళు తొట్లలో పట్టి జాడిస్తున్నారు.

కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1950లలో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది కాబట్టే ఈ విద్య బతికింది. ఇక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పచెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. మా ఊరి కలంకారీకి భౌగోళిక గుర్తింపూ ఉంది. ఇక 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులకు 5 శాతం వడ్డీకి అప్పిస్తారు. ఆ పట్టికలో బట్టలుతికేవాళ్ళున్నారు, దర్జీలున్నారు, బట్టమీద బొమ్మవేసేవాళ్ళు లేరు! ఎవరు రాశారో ఏమో.

అప్పుకన్నా ముందు రావలసిన డబ్బు రావాలి. నమోదైన చిన్న సంస్థకు కొన్నవారు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో చెల్లించాలని 2006 చట్టం. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. మా మామను మాత్రం ఒక నగరపు దుకాణం ఏడాది తిప్పింది, అమ్ముడుపోయాక చూద్దామంటూ. చట్టం మాట ఎత్తితే మళ్ళీ ఆర్డరు రాదు కదా, నోరు మూసుకున్నాడు. ఆ ఏడే ఆయన దగ్గర పనిచేసే కుర్రాళ్ళిద్దరు కలం పక్కనపెట్టి ఫ్యాక్టరీ బస్సెక్కారు. అక్కడ నెల తిరిగేసరికి జీతం చేతికొస్తుంది. వాళ్ళను తప్పుపట్టను.

ఈ ఏరు నాయుడుపేట దాటి సముద్రంలో కలుస్తుంది. నేనింకా అంతదూరం పోలేదు. మీరు కొట్టుపెట్టి కలంకారీ అమ్మేవారైతే, గుడ్డ తీసుకున్ననాడే డబ్బిచ్చెయ్యండి.