చేతికి తెలిసిన ముగ్గు

చుక్కలు పెట్టాక ముగ్గు దానంతటదే సాగిపోతుంది. ఎక్కడ తిప్పాలో చెప్పమంటే తడబడతాను. పిండి పట్టిన వేళ్లకే తెలుసు. నేర్పిన అమ్మమ్మ ముఖం తలుచుకుంటే మెదడులో ఒకచోట కదలిక హెచ్చుతుంది, ఆవిడ వాకిలి తలుచుకుంటే మరోచోట. చేతి అలవాటుది ఇంకో దారి.

అమెరికాలో హెన్రీ మొలైసన్‌కు 1953లో మూర్ఛ తగ్గించడానికి ఆపరేషన్ చేసి, మెదడులో కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు. తర్వాత అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం అతనికి రోజురోజుకీ చక్కగా పట్టుబడింది. నిన్న గీసిన సంగతి మాత్రం గుర్తుండేది కాదు.

మరుపు వచ్చినా అన్నీ ఒక్కసారే పోవన్నమాట. అందుకే ఇంట్లో పేర్లు మర్చిపోతున్న పెద్దవాళ్లను "నేనెవరో చెప్పుకో" అని పరీక్షించకండి. వాళ్ల చేతులకు బాగా వచ్చిన పనేదో అందివ్వండి.