నడచుచు నిండునా?

విద్యుత్తుతో నడచు ఆటో, నడచుచుండగానే తన బ్యాటరీని తాను నింపుకొనునా యని ఎలమంచిలిలో ఒక విద్యార్థి తండ్రిగారు మమ్మడిగిరి. అప్పుచేసి కొనదలచిన వారికి సత్యము చెప్పుట ఉపాధ్యాయుల విధి.

చక్రమునకు డైనమో తగిలించినచో, అది యిచ్చు శక్తికంటె దానిని త్రిప్పుటకు పట్టు శక్తియే హెచ్చు. అయితే తగిన యేర్పాటున్న బండ్లలో, బ్రేకు వేయునపుడు మోటారే డైనమోయై, వ్యర్థమగు శక్తిలో కొంత బ్యాటరీకి మరల్చును. 3000 అడుగులకు పైబడిన శిమిలిగూడ యెత్తునుండి ఇనుప ఖనిజపు బరువుతో విశాఖకు దిగు రైళ్లకు కట్టిన మూడు ఫేజుల ఇంజన్లును అట్లే తీగకు విద్యుత్తు తిరిగి యిచ్చును. ఆ కొండ దిగుడు మన సమతలపు బాటలకు లేదు. ఇచట తిరిగి వచ్చునది స్వల్పము.

కావున ప్రతిరాత్రి ఛార్జి చేయు ఖర్చును లెక్కవేసియే అప్పునకు పూనుకొనుడని వారికి చెప్పితిమి. విద్యార్థులారా, ఈ లెక్క మీ యింటను వేసి చూపుడు.