రిపోర్ట్ నార్మల్ వస్తే మందు మానేయొచ్చా?



నేను మీ పిల్లలకు ఏడో తరగతిలో ఇంగ్లీష్ చెప్తాను. ఈసారి గ్రామర్ పక్కన పెట్టి మా ఇంట్లో జరిగిన ఒక సంగతి రాస్తున్నాను. అందులో తప్పు నాదే.

మా ఇల్లు తార్నాకలో. నాన్నకు అరవై ఏళ్లు. రోజూ పొద్దున్నే ఇద్దరం ఉస్మానియా యూనివర్సిటీలోకి వాకింగ్‌కి వెళ్తాం. నేను బీఈడీ చదివింది కూడా ఆ క్యాంపస్‌లోనే. ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి, మెట్ల మీద కాసేపు కూర్చుని తిరిగొస్తాం.

రెండేళ్ల క్రితం నాన్నకు ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 172 వచ్చింది. షుగర్ కూడా ఉండటంతో డాక్టర్ అటోర్వాస్టాటిన్ రాశారు. ఆరు నెలలకు 84కి దిగింది. ఆ రిపోర్ట్ చదివి, "నార్మల్ వచ్చేసింది కదా నాన్నా, ఇంకా ఎందుకు మాత్ర?" అన్నాను. ఇంట్లో ఇంగ్లీష్ బాగా వచ్చింది నాకే కాబట్టి నా మాటే ఆఖరి మాట. నాన్న మానేశారు. కాళ్లు లాగుతున్నాయని అప్పటికే ఆయనకు ఆ మాత్ర మీద అనుమానం ఉందట. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మొన్న ఎండాకాలంలో ఒకరోజు, ఆర్ట్స్ కాలేజీ ఇంకా రాకముందే నాన్న ఆగిపోయారు. "ఛాతీ పట్టేసినట్టుంది బిడ్డా" అంటూ చెట్టు కింద కూర్చున్నారు. చేతులు వణుకుతుంటే ఆటో ఎక్కించి హాస్పిటల్‌కి తీసుకెళ్లాను. గుండెపోటు రాలేదు గానీ ఒక రక్తనాళం కొంత సన్నబడిందని పరీక్షల్లో తేలింది. ఎల్‌డీఎల్ మళ్లీ 165.

"మాత్ర ఎవరు మానమన్నారు?" అని డాక్టర్ అడిగారు.

నాన్న నా వైపు చూడలేదు. "నేనే మానేశాను సార్" అన్నారు.

అప్పుడు నేనే నిజం చెప్పాను. డాక్టర్ కోప్పడలేదు. "మాత్ర పనిచేస్తోంది కాబట్టే రిపోర్ట్ నార్మల్ వచ్చిందమ్మా. ఆపేస్తే కొన్ని వారాల్లో మళ్లీ మొదటికే వస్తుంది" అన్నారు.

మన ఒంట్లో కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయమే తయారు చేస్తుంది. ఆ తయారీని స్టాటిన్ మందులు తగ్గిస్తాయి. అప్పుడు కాలేయం రక్తంలోని ఎల్‌డీఎల్‌ను ఎక్కువగా లాక్కుంటుంది. 1970లలో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో ఒక బూజులో ఈ గుణం కనిపెట్టారు. 1987లో ఈ రకం మందుకు అమెరికాలో మొదటిసారి అనుమతి వచ్చింది. తిండి, నడక కూడా ముఖ్యమే. మా తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు నూనె, ఉప్పు, చక్కెర తగ్గించమనే చెప్తున్నాయి. అయితే డాక్టర్ మాత్ర కూడా అవసరం అన్నాక, దాన్ని మనంతట మనం ఆపకూడదు.

ఆ రోజు డాక్టర్ చెప్పినవి ఇంటికొచ్చి రాసుకున్నాను. మీకూ పనికొస్తాయి.

• కండరాల నొప్పి వస్తే దాచకుండా డాక్టర్‌కి చెప్పాలి. డోసు తగ్గించడమో, వేరే స్టాటిన్‌కి మార్చడమో చేస్తారు. నొప్పి, నీరసం బాగా ఎక్కువై మూత్రం ముదురు రంగులో వస్తే వెంటనే హాస్పిటల్‌కి వెళ్లాలి.

• జలుబుకో, దగ్గుకో వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లినా స్టాటిన్ వాడుతున్నామని చెప్పాలి. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్, కొన్ని ఫంగస్ మందులు కొన్ని స్టాటిన్లతో కలిస్తే కండరాలకు ప్రమాదం.

• ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు.

• గర్భం కోసం చూస్తున్న తల్లులు ముందుగానే డాక్టర్‌తో మాట్లాడాలి.

• ఇంట్లో ఒకరికి రాసిన మాత్ర ఇంకొకరు వాడకూడదు.

నాన్నకు ఇప్పుడు వేరే స్టాటిన్ రాశారు. కాళ్ల నొప్పులు తగ్గాయి. మళ్లీ మెల్లగా నడుస్తున్నారు. మొన్న ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్నప్పుడు, "ఆ రోజు డాక్టర్ దగ్గర నాకోసం ఎందుకు అబద్ధం చెప్పావ్ నాన్నా?" అని అడిగాను. "టీచరమ్మవి కదా, నలుగురిలో నీ పరువు పోతుందని" అని నవ్వారు.

పాఠం చదవడం వేరు, అర్థం చేసుకోవడం వేరని కాంప్రహెన్షన్ క్లాసులో పిల్లలకు రోజూ చెప్తాను. నాన్న రిపోర్ట్ దగ్గర ఆ మాట నేనే మర్చిపోయాను. మన ఇళ్లలో తాతయ్య, నానమ్మల మందుల చీటీలు ఇప్పుడు మన పిల్లలే చదివి పెడుతున్నారు. చదవనివ్వండి, మంచిదే. కానీ మందు మానాలా, మార్చాలా అన్న ప్రశ్న మాత్రం డాక్టర్‌నే అడగమని వాళ్లకు నేర్పండి.

ఈ ఆదివారం ఒక్కసారి ఇంట్లో పెద్దవాళ్ల మందుల డబ్బా తెరిచి చూడండి. ఏ మాత్ర వేసుకుంటున్నారు, ఏది మానేశారు, ఎందుకు మానేశారు అని అడగండి. ఈ నెల హోంవర్క్ పిల్లలకు కాదు, మనకే.